మా తోకబండి

రిటైరైన మొగుళ్ళకి రకరకాల పిచ్చిలు పట్టుకుంటాయి. కొందరు తెల్లవారకుండానే లేచి ఊరంతా నడిచొస్తారు. కొందరు హోమియోపతి మందుల పెట్టె కొనుక్కుని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చేతా నాలిక చాపించి చూస్తారు. మా బాబాయి గులాబీలకి అంట్లు కట్టడం మొదలుపెట్టి, పిన్నితో మాట్లాడ్డమే మానేశాడు. మావారికి పట్టిన పిచ్చి వీటన్నిటికన్నా పొడుగైంది. కొలిచి చెప్పాలంటే 30 అడుగులు.

దాన్ని మోటార్ హోమ్ అంటారు. ఇల్లూ అదే, బండీ అదే. లోపల పొయ్యి, ఫ్రిజ్, మంచం, స్నానాల గది అన్నీ వుంటాయి. మన చిన్నప్పుడు పదిళ్ళవాళ్ళు కలిసి బస్సు మాట్లాడుకుని, వెనక వంటవాణ్ణీ, గుండిగల్నీ వేసుకుని కాశీ రామేశ్వరం వెళ్ళేవాళ్ళు గుర్తుందా? ఇదీ అలాంటిదే. కాకపోతే ఇందులో యజమానీ డ్రైవరూ ఆయన. వంటవాడూ క్లీనరూ నేను.

మావారు సివిల్ ఇంజనీరు. 1981లో రాజమండ్రి నించి ఒహాయో వచ్చాం. ముప్ఫై ఆరేళ్ళు వంతెనల లెక్కలు వేసి 2017లో రిటైరయ్యారు. ఆర్నెల్లు ఇంట్లో కూచున్నారు. ఆ ఆర్నెల్లలోనూ నా వంటింటి డబ్బాలన్నీ ఎత్తుల ప్రకారం సర్దేసి, కందిపప్పు ఎక్కడుందో నాకే తెలియకుండా చేశారు. అంచేత 2018లో ఓ రోజు కాఫీ తాగుతూ, "ఏమోయ్, మోటార్ హోమ్ ఒకటి కొందామా?" అన్నప్పుడు, నా డబ్బాల జోలికి రాకుండా వుంటే అదే పదివేలనుకుని సరేనన్నాను. ఆడవాళ్ళం ఇలాగే బోల్తా పడతాం.

బండి వచ్చింది. వచ్చాక తెలిసిందేమిటంటే, దానికో తోక కూడా కావాలిట! ఏ అడవి పక్కనో, చెరువు పక్కనో ఈ బండి ఆపుకుని, నీళ్ళ గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం అన్నీ తగిలించుకున్నాక అది నిజంగానే ఇల్లయిపోతుంది. కొత్తిమీర కట్ట కోసం ఇల్లు పెకలించుకుని బజారుకు వెళ్ళలేం కదా! అందుకని ఇక్కడివాళ్ళు మోటార్ హోమ్ వెనకాల ఇనపదూలంతో ఓ చిన్న కారు కట్టుకుంటారు. నాలుగు చక్రాలూ నేల మీదే వుంటాయి. ముందు బండి లాగుతూంటే వెనక కారు మనిషి లేకుండానే వస్తూ వుంటుంది. అన్ని కార్లూ ఇలా లాగడానికి పనికిరావుట. కొన్నిటిని ఇంజను ఆపి లాక్కెళితే గేరుపెట్టెలో చమురు తిరగక పాడైపోతుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో 'లాగవచ్చు' అని రాసి వుంటేనే లాగాలి. మా పాత చిన్నకారు పుస్తకంలో అలా రాసి వుంది. దాని నుదుట కూడా అలాగే రాసి వుంది కాబోలు!

ఇలా లాగబడే కారుకి ఇక్కడివాళ్ళు రెండు ముద్దుపేర్లు పెట్టారు. ఒకటి డింగీ, అంటే ఓడ వెనకాల కట్టే చిన్న పడవ. ఇది నాకు నచ్చింది. మా గోదావరి మీద లాంచీ వెనకాల తాడుతో కట్టిన నాటుపడవ నీళ్ళ మీద ఎగురుతూ రావడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! రెండో పేరు టోడ్. లాగబడేదాన్ని ఇంగ్లీషులో ఎలా పలుకుతారో, గోదురుకప్పని కూడా అలాగే పలుకుతారు. అదీ వేళాకోళం. నేను రెండూ మానేసి 'తోకబండి' అని పేరు పెట్టాను.

తోకబండితో మొదట నేర్చుకున్న పాఠం, వెనక్కి వెళ్ళకూడదని. రివర్సు చేస్తే వెనక కారు ముందు చక్రాలు అడ్డంగా తిరిగిపోయి ఇనపదూలం వంగిపోతుంది. అంచేత పెట్రోలు బంకులోకి దూరేముందే బయటికి దారుందో లేదో చూసుకోవాలి. ఇండియానాలో ఓసారి చూసుకోకుండా దూరి, అభిమన్యుడిలా నించున్నాం. వానలో కారు విప్పి, ముందు బండి వెనక్కి తీసి, మళ్ళీ కట్టేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ మావారు నాతో మాట్లాడలేదు, దారి చూపించింది నేను కనక.

రెండో పాఠం బ్యాటరీది. చెప్పాలనుకున్నది అదే.

2019 జూన్‌లో దక్షిణ డకోటా బయల్దేరాం. అక్కడి నల్లకొండల్లో రష్‌మోర్ అనే కొండకి నలుగురు అమెరికా అధ్యక్షుల మొహాలు చెక్కారు. ఒక్కొక్క మొహం 60 అడుగులు. 1927లో మొదలుపెట్టి 1941 దాకా చెక్కారట. దారిలో మిచెల్ అనే ఊళ్ళో మొక్కజొన్న పొత్తులతో గోడల నిండా బొమ్మలు తీర్చిన మేడ చూశాం. ఏటేటా పాత పొత్తులు పీకేసి కొత్త బొమ్మలు వేస్తారట. రంగు రంగుల పొత్తుల్ని నిలువునా చీల్చి మేకులు కొట్టి నిలబెడతారు. మన సంక్రాంతి ముగ్గుల్లాంటి ఓపికే అదీ. అక్కణ్ణించి పొద్దున్నే బయల్దేరి, చాంబర్లిన్ దగ్గర మిస్సోరి నది దాటి, వాల్ అనే ఊళ్ళో 5 సెంట్ల కాఫీ తాగి, సాయంత్రానికి కొండల్లోకి చేరాం. మొత్తం ఎనిమిది గంటలు లాగినట్టు లెక్క. ఆఖరి గంట అంతా ఎత్తూ పల్లం, మలుపు మీద మలుపు. మావారు బ్రేకు మీద కాలు తియ్యలేదు.

బండి ఆపుకునే చోటు దొరికేసరికి సన్నగా వాన. పక్క స్థలంలో ఓ ముసలావిడ, పికప్ ట్రక్కూ, ట్రైలరూ, ఓ బొచ్చుకుక్కపిల్లా. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మావారు నీళ్ళ గొట్టం, కరెంటు తీగా తగిలించి, "కారు పొద్దున్న విప్పుదాంలే. దానికేం తొందర?" అన్నారు. చారు అన్నం తిని పడుకున్నాం.

రాత్రి రెండింటికి మూలుగు వినబడి లేచాను. మావారు మంచం మీద ముడుచుకుపోయి వున్నారు. ఒళ్ళంతా చెమట. నడుము కుడిపక్క కత్తిపెట్టి తిప్పుతున్నట్టుందట. రెండుసార్లు వాంతయింది. ఆయన నడుము అంటున్నా నా మనసులో మాత్రం గుండె అనే మాటే తిరుగుతోంది. ఫోను తీస్తే సిగ్నలు గీత ఒక్కటీ లేదు. చోటు అద్దెకిచ్చే ఆఫీసు తొమ్మిదింటికే మూసేశారు. మోటార్ హోమ్ తోలడం నాకు రాదు. ఇక మిగిలింది తోకబండి.

కారు తోలడం నాకు రాకపోలేదు. లైసెన్సు వుంది. పిల్లల్ని బడికి దింపాను, లైబ్రరీలో నా చిన్న ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. కానీ పిల్లలు వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి ఎక్కడికి వెళ్ళినా ఆయనే తోలడం, నేను పక్కన కూచోడం అలవాటైపోయింది. రాత్రిపూట తోలి పదేళ్ళయింది. సరే, ప్రాణం మీదికొస్తే పదేళ్ళేమిటి, పాతికేళ్ళేమిటి అనుకుని వానకోటు వేసుకుని దిగాను.

తలుపు తీస్తే లోపలి దీపం వెలగలేదు. చెయ్యి పెట్టి తడిమితే తాళంచెవి కారుకే వుంది, సగం తిప్పి. పూర్తిగా తిప్పాను. టక్ మంది. మళ్ళీ తిప్పాను. ఈసారి టక్ కూడా అనలేదు.

ఆ సీటులో అలా ఎంతసేపు కూచున్నానో తెలీదు. బహుశా ఒక్క నిమిషమే అయుంటుంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీద, కారు మీద, అన్నిటికన్నా నా మీద. ఈ బండి ఎలా కట్టారో, ఎలా విప్పాలో, ఆ తాళంచెవి అలా ఎందుకు వదిలారో, ఒక్కటీ ఎప్పుడూ అడగలేదు. "మీకు తెలుసుగా" అనేదాన్ని. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో!

దిగి పక్కింటి, అదే, పక్కబండి తలుపు కొట్టాను.

ఆవిడ గౌను మీద రబ్బరు బూట్లు తొడుక్కుని, టార్చిలైటు పట్టుకుని వచ్చింది. సంగతి విని, "భయపడకు హనీ, ముందు దీన్ని బతికిద్దాం" అంది. ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు తోలిందట. భర్త పోయాక ఒక్కతే తిరుగుతోంది. "నేనే తీసుకెళ్దును కానీ నా కళ్ళల్లో శుక్లాలు. రాత్రి రోడ్డు మీద ఎదురుగా దీపాలొస్తే ఏమీ కనిపించదు. పికప్పులో దగ్గిరిదాకా వస్తాను. తోలాల్సింది మాత్రం నువ్వే" అంది.

పికప్పు తెచ్చి మా కారు ముక్కుకి ఎదురుగా పెడదామంటే అక్కడ మా ఇల్లే అడ్డం. అందుకని పక్కగా తెచ్చి ఆపింది. లావుపాటి తీగలు తీసి నా చేతికిచ్చింది. తను తగిలించలేదు, నా చేతే తగిలింపించింది. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకి. ఎర్రదాని రెండో కొస బతికున్న బ్యాటరీ ప్లస్సుకి. నల్లది బతికున్నదాని మైనస్సుకి. ఆఖరి నల్ల కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజను మీద ఓ ఇనపముక్కకి. ఎందుకంటే ఆఖరిది తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర మండే వాయువు వుండొచ్చుట. ఇవన్నీ ఆవిడ బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

పికప్పు ఇంజను ఆడించి పది నిమిషాలు ఆగమంది. ఆ పది నిమిషాల్లో కారు విప్పడం నేర్పింది. గొలుసులు, కరెంటు తాడు, ఇనపదూలానికి రెండు పిన్నులు. ఒక పిన్ను రానే రాలేదు. బండి లాగి ఆగినప్పుడు దూలం బిగుసుకుపోతుందట. ఆవిడ సుత్తి తెచ్చిచ్చి, "కొట్టు" అంది. కొట్టాను. నాలుగో దెబ్బకి ఊడింది. లోపల మావారి మూలుగు వినిపిస్తూనే వుంది.

మన ఊళ్ళల్లో వెనకటికి పొయ్యిలో నిప్పు ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకునేవాళ్ళుట. మా అమ్మమ్మ చెప్పేది. ఆ రాత్రి నేను చేసిందీ అదే. తాళం తిప్పగానే తోకబండి ఒళ్ళు విరుచుకుని లేచింది. ఆవిడ తీగలు తీసేస్తూ, "దారిలో ఎక్కడా ఇంజను ఆపకు. కనీసం అరగంట తిరగాలి. ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు" అంది.

ఆస్పత్రి 20 మైళ్ళు. కొండదారి. రోడ్డు పక్కన లేళ్ళ కళ్ళు మెరుస్తున్నాయి. మావారు పక్కసీట్లో రెండుగా వంగిపోయి, అంత నొప్పిలోనూ, "ఎడమకి పోతున్నావు... కాస్త కుడికి... అంత స్పీడెందుకు?" అంటున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి, "మీరు నోరు మూసుకోండి" అన్నాను. నిజంగా మూసుకున్నారు. నొప్పివల్ల కూడా కావచ్చు.

గుండె కాదు. మూత్రపిండంలో రాయి. ఆవగింజంత రాయిట! 60 అడుగుల రాతిమొహాలు చూద్దామని 1,300 మైళ్ళు వస్తే ముందు ఈ రాయి చూడాల్సొచ్చింది. మందిచ్చారు, సెలైను ఎక్కించారు, తెల్లవారేసరికి నొప్పి తగ్గింది. ఆయన నిద్రపోతూంటే నేను వెళ్ళి కారు తాళం తిప్పి చూశాను. అంటుకుంది. ఆ చప్పుడు ఎంత తియ్యగా వుందో చెప్పలేను.

రెండు రోజులయ్యాక ఇలాంటి బళ్ళు బాగుచేసే కొట్టుకి వెళ్ళాం. మావారు ఇంకా అనుమానంగానే వున్నారు. "రోజల్లా చక్రాలు తిరుగుతూనే వున్నాయి కదా, బ్యాటరీ ఎందుకు నిండదు?" అని మెకానిక్‌ని అడిగారు. నేను కూడా అంతే అనుకున్నాను లెండి. ఆ కుర్రాడు కారు ముందుభాగం ఎత్తి చూపించాడు. బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరు. దాన్ని తిప్పేది ఓ బెల్టు. ఆ బెల్టుని తిప్పేది ఇంజను. చక్రాలు కాదు. ఇంజను ఆపేసి కారుని వెయ్యి మైళ్ళు లాక్కెళ్ళినా బ్యాటరీలో చుక్క పడదు.

పడకపోతే పోనీ, వున్నది వుండచ్చు కదా అంటే, అదీ వుండదు. లాగేటప్పుడు ముందు చక్రాలు వంపులకి తిరగాలి కనక స్టీరింగు తాళం పడకూడదు. అందుకే మా కారులో తాళంచెవి సగం తిప్పి వుంచాలి. సగం తిప్పితే కారులో సగం సామాను మేలుకుంటుంది. పైగా డ్రైవరు కాళ్ళ దగ్గర ఓ బ్రేకు పెట్టె. ముందు బండి బ్రేకు వేసినప్పుడల్లా అది తోకబండి బ్రేకుని తొక్కుతుంది. లేకపోతే వెనక బరువు ముందు బండిని తోసేస్తుంది. ఆ పెట్టె కూడా కారు బ్యాటరీ మీదే బతుకుతుంది. తొక్కిన ప్రతిసారీ మరికాస్త తాగుతుంది. కొండదారిలో ఎన్నిసార్లు తొక్కిందో ఆలోచించండి.

కుర్రాడు కాగితం మీద లెక్క వేశాడు. అన్నీ కలిపి దారిలో 3 ఆంపియర్లు లాగాయనుకుందాం. ఎనిమిది గంటలకి 24. సాయంత్రం ఆరింటికి ఆగాక మావారు తాళంచెవి తియ్యలేదు. రాత్రి రెండు దాకా మరో ఎనిమిది గంటలు, గంటకి 2 చొప్పున 16. మొత్తం 40. కొత్త బ్యాటరీలో వుండే సరుకే 50 ఆంపియర్-గంటలు. మాది నాలుగేళ్ళది. ఇంకేం మిగుల్తుంది, గిన్నె అడుగున మాడు! అందులోనూ ఈ సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదట. ఖాళీగా వదిలేస్తే పలకల మీద పెచ్చు కడుతుంది, మళ్ళీ నింపినా పూర్తిగా నిండదు. నెలసరి సరుకుల లెక్క తెలిసిన ఏ ఇల్లాలికైనా అర్థమయ్యే లెక్కే ఇది. వచ్చేదేం లేదు, పోయేది ఆగట్లేదు.

మావారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బయటికొచ్చాక నెమ్మదిగా, "ఆ రాత్రి తాళంచెవి వదిలేసింది నేనే కదూ?" అన్నారు. "అవును" అన్నాను. "నువ్వు చూసి కూడా అనలేదేం?" అన్నారు. "చూళ్ళేదు. చూసినా అదేమిటో నాకు తెలీదు. ఇకమీదట తెలుస్తుంది" అన్నాను. అంతే, మా మధ్య జరిగిన మాట. కానీ ఆ పూట భోజనం దగ్గర ఆయన తనంతట తనే ఇనపదూలం సంగతి మొదటినించీ చెప్పుకొచ్చారు. నేను కాగితం మీద బొమ్మ గీసుకున్నాను.

ఇక వైద్యం సంగతి. మన ఊళ్ళో దగ్గొచ్చిందంటే తలా ఓ చిట్కా చెప్పినట్టు, అక్కడ బళ్ళవాళ్ళందరూ తలా ఒకటి చెప్పారు. ఒకాయన, దారిలో ఆగినప్పుడల్లా కాసేపు ఇంజను ఆడించమన్నాడు. మంచిదే, గుర్తుంటే. ఒకావిడ, లాగేముందు ఫలానా ఫ్యూజు పీకెయ్యమంది. పీకితే సగం సామాను నిద్రపోతుంది, నిజమే. కానీ బ్రేకుపెట్టె తాగేది తాగుతూనే వుంటుంది. ఇంకొకాయన బ్యాటరీ తీగే ఊడదియ్యమన్నాడు. అప్పుడు బ్రేకుపెట్టెకే దిక్కుండదు. కారు మీద సూర్యరశ్మి పలక పెట్టమన్నవాడూ వున్నాడు. ఆ వానలో ఆ సలహా విని నవ్వొచ్చింది.

మెకానిక్ చేసింది వేరు. ముందు బండికీ తోకబండికీ మధ్య దీపాల కోసం ఎలాగూ ఓ కరెంటు తాడుంది. అందులో ఖాళీగా వున్న ఓ తీగని వాడుకుని, ముందు బండి బ్యాటరీ నించి తోకబండి బ్యాటరీకి దారి వేశాడు. రెండు కొసలా బ్యాటరీల దగ్గరే చెరో ఫ్యూజు పెట్టాడు. తీగ మధ్యలో ఒరుసుకుపోయి ఇనుముకి తగిల్తే రెండు పక్కల నించీ కరెంటు దూకి నిప్పంటుకోవచ్చు కనక ఒక్క ఫ్యూజు చాలదన్నాడు. అంత పొడుగు తీగలో దారిలోనే కొంత ఒత్తిడి తగ్గిపోతుందిట. అందుకని ఓ చిన్న ఛార్జరు కూడా బిగించాడు. ముందు బండి ఇంజను ఆడి, దాని బ్యాటరీ నిండుతున్నప్పుడు మాత్రమే అది వెనక్కి కరెంటు వదుల్తుంది. ఇంజను ఆపితే ఆగిపోతుంది. లేకపోతే తోకబండి రాత్రంతా ఇంట్లో దీపాల కరెంటు తాగేస్తుంది కదా! వదిలేది కూడా గుప్పెళ్ళతో కాదు, కాస్త కాస్తగా. శివాలయంలో లింగం మీద ధారాపాత్ర చూశారుగా? చుక్క చుక్క పడుతూనే వుంటుంది, లింగం ఎప్పుడూ తడిగా వుంటుంది. అదీ పద్ధతి.

ఇవన్నీ అయ్యాక చిన్న వోల్టుమీటరు ఒకటి నేనే కొనుక్కున్నాను. కారులో సిగరెట్టు లైటరు కన్నంలో గుచ్చితే అంకె చూపిస్తుంది. 12.6 వుంటే నిండుకుండ. 12.2కి దిగితే సగమైనట్టు. 12 కన్నా తక్కువైతే పక్కింటి నిప్పే గతి. పొద్దున్నే కాఫీ కలిపి, కారు దగ్గరకెళ్ళి అంకె చూసి నోటుబుక్కులో రాస్తాను. ఒకప్పుడు పాల లెక్క రాసిన చెయ్యే ఇది. బయల్దేరే ముందు సంకల్పం చెప్పినట్టు వరసగా చదువుతాను: పిన్నులు రెండు, గొలుసులు రెండు, తాడు ఒకటి, గేరు న్యూట్రల్, చేతిబ్రేకు వదిలాం, తాళంచెవి సగం, ఛార్జరు దీపం పచ్చ. మావారు ఒక్కొక్కదానికీ "ఆఁ" అంటారు.

2020లో కరోనా వచ్చి నెలల తరబడి రెండు బళ్ళూ ఇంటి ముందు కదలకుండా పడున్నప్పుడు ఇంకో సంగతి తెలిసింది. లాగితేనే కాదు, ఊరికే పడున్నా బ్యాటరీ కరిగిపోతుంది. కారులో గడియారం, తలుపు తాళాల యంత్రం లాంటివి ఎప్పుడూ చుక్క చుక్క తాగుతూనే వుంటాయి. అప్పుడు గోడ ప్లగ్గుకి తగిలించే చిన్న ఛార్జరు పెట్టాను. అదీ ధారాపాత్రే. పిల్లలు ఫోను చేసి, "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "కారుకి పాలు పడుతున్నా" అనేదాన్ని.

ఆ నెలల్లో కిటికీలోంచి ఆ కారుని చూస్తూ ఒక మాట అనుకునేదాన్ని. దాన్ని చూస్తే నాకు జాలి ఎందుకు వేసిందో అప్పటికి అర్థమైంది. మనిషి కూడా అంతే. ఎవరి వెనకాలో దేశాలన్నీ తిరగచ్చు. చక్రాలు తిరుగుతూనే వుంటాయి, చూసేవాళ్ళకి బాగానే వెళుతోంది అనిపిస్తుంది. లోపల ఇంజను ఆగిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. మనకే తెలియదు. ఏ అర్ధరాత్రో అవసరం పడి తాళం తిప్పితే అప్పుడు తెలుస్తుంది. మావారు నన్నేం కట్టిపడెయ్యలేదు. నేనే హాయిగా వుందని తాళంచెవి సగం తిప్పి కూచున్నాను. తప్పు చెరిసగం.

అందుకని ఇప్పుడు వారంలో మూడు రోజులు కారు నేనే తోలుతాను. గుడికీ, కూరలకీ, మనవడి ఈత క్లాసుకీ. రాత్రిళ్ళు కూడా. మావారు పక్కసీట్లో కూచుంటారు. కాలితో లేని బ్రేకు తొక్కుతూ వుంటారు, కానీ నోరు మెదపరు. ఆ కొండదారి మాట బాగానే పనిచేసింది. ఆ ముసలావిడకి ఏటా క్రిస్మస్‌కి ఉత్తరం రాస్తాను. శుక్లాలు తీయించుకుందట. ఇప్పుడు రాత్రిళ్ళు కూడా తోలుతోందిట.

మొన్న కాకినాడ నించి మా చెల్లెలు ఫోను చేసి, కరెంటు పోతే ఇన్వర్టరు పావుగంట కూడా నిలవట్లేదని గోల పెట్టింది. "అందులో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారే?" అన్నాను. "ఏమో అక్కా, అవన్నీ బావగారు చూస్తారు. ఆయనకి తెలుసుగా" అంది.

"ఫోను పెట్టేసి వెళ్ళి ముందు నువ్వు చూడు" అన్నాను.